ఉప్పు గుడి చూసొచ్చిన శౌరమ్మ

ఆదివారం పూజ ముగిసి జనం మరియమాత గుడిలోంచి బయటికొస్తున్న వేళ పోలండు దొరసాని మెట్ల మీద నిలువునా కూలిపోయింది. అది 1963 మే నెల. రెంటచింతల ఎండ సంగతి పల్నాడులో పాలు తాగే పిల్లకైనా తెలుసు. తెలియనిది ఆ దొరసాని ఒక్కదానికే. చుట్టూ మూగినవాళ్ళు అయ్యో అయ్యో అంటున్నారేగాని, ఆమెను ముట్టుకోవచ్చో లేదో ఎవరికీ పాలుపోలేదు. శౌరమ్మకు ఆ అనుమానమే రాలేదు. మోచేతులతో దారి చేసుకుంటూ వచ్చి, చంటిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతుల మీద ఎత్తుకుని గుడి వెనక నీడకు తీసుకుపోయింది. కొంగు తడిపి మొహాన కప్పింది. ఉల్లిపాయ చితగ్గొట్టి అరికాళ్ళకు రుద్దింది. కళ్ళు తెరిచాక పల్చటి మజ్జిగ గుక్క గుక్కగా తాగించింది.

"టోపీ పెట్టుకుంటే ఎండ ఆగిద్దా తల్లీ? కడుపులో మజ్జిగ ఉండాల," అంది.

దొరసానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా శౌరమ్మ చెయ్యి మాత్రం వదల్లేదు.

ఆమె పేరు హలీనా. మాచర్ల దగ్గర కొత్తగా లేస్తున్న ఒక ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి వచ్చిన ఇంజనీరు మారెక్ భార్య. శౌరమ్మ రెంటచింతల పేటలో పుట్టి, ఆ పేటలోనే కాపరానికొచ్చిన మనిషి. నలభై దాటాయి. మొగుడు అంతోని నాపరాళ్ళ గనిలో రాయి కొడతాడు. ఆమె ఆ గనిలోనే రాళ్ళు మోస్తుంది, మిరప కోతలప్పుడు కోతలకు పోతుంది. ఉన్న ఒక్క కూతుర్నీ నాదెండ్ల ఇచ్చారు. శౌరమ్మది మంచి ఎత్తు, గట్టి ఎముక, దానికి తగ్గ గొంతు. గుడిలో లాటిను ప్రార్థనలు మొదట ఎత్తుకునేది ఆమే. అక్షరం ముక్క రాకపోయినా, ఊహ తెలిసినప్పటి నుంచి విని విని, ఎక్కడా తడబడకుండా చెప్పేది.

వారం తిరక్కముందే ఇంజనీరు జీపు పేటలోకి వచ్చింది. వంటకూ ఇంటిపనికీ రమ్మని అడిగారు. శౌరమ్మ మాచర్లలో వాళ్ళ బంగళాకు చేరింది. ఏడాది తిరక్కముందే హలీనాకు తెలుగు వచ్చింది. వచ్చింది ఎవరి దగ్గర్నించి? శౌరమ్మ దగ్గర్నించి. అందుకే ఆ దొరసాని బజారులో నిలబడి, "ఏందయ్యా, వంకాయలు ఇంత పుచ్చులున్నయ్యి?" అని అడుగుతుంటే కూరగాయలవాళ్ళు నోళ్ళు తెరిచి చూసేవాళ్ళు. శౌరమ్మకూ అవతలి భాషలో రొట్టె, పాలు, దండం, దయచేసి అనే మాటలు పట్టుబడ్డాయి. హలీనాకు కొడుకు పుట్టాడు. యానెక్ అని పేరు పెట్టారు. వాడు తల్లి చంకలో కంటే శౌరమ్మ చంకలోనే ఎక్కువగా ఉండేవాడు.

1964 వేసవి ముందు మారెక్‌కు ఆర్నెల్ల సెలవిచ్చారు. అప్పటికే హలీనా చలిజ్వరాలతో చిక్కి సగమైంది. ఓడ మీద పిల్లాణ్ణి చూసుకునే ఓపిక ఆమెకు లేదు.

"నువ్వు కూడా రా శౌరమ్మా," అంది. "వాణ్ణి నువ్వు ఎత్తుకో. నేను మా ఊళ్ళు నీకు చూపిస్తా. ఒక్క ఊరు కాదు, పెద్ద ఊళ్ళు అన్నీ. కోటలు, గుళ్ళు, రాజుల ఇళ్ళు, అన్నీ."

సాయంత్రం గని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న అంతోనికి శౌరమ్మ ఆ మాట చెప్పింది.

"ఓడెక్కి పోవాలంట. మళ్ళా వాళ్ళతోనే రావటం."

అంతోని చెంబు కింద పెట్టాడు. "మన వంశంలో గుంటూరు దాటినోళ్ళు లేరే."

"అందుకే అడగతన్నా."

"అడిగేదేంది? ఆ పిలుపు నాకొచ్చుంటే నిన్ను అడుగుతా కూర్చునేవాణ్ణా? ఈపాటికి పరిగెత్తేవాణ్ణి. పోయిరా. కాకపోతే ఒక మాట. చూసినయ్యన్నీ నాకు చెప్పాల. ఒక్కటి కూడా మింగేయగూడదు."

పేటలో ఆడవాళ్ళు ఆమెను పట్టుకుని ఏడ్చారు. అక్కడ మంచు మనుషుల్ని తినేస్తుందని ఒకతె, ఓడలో చచ్చిపోతే సముద్రంలో పారేస్తారని ఒకతె. శౌరమ్మ అందరి కన్నీళ్ళూ తుడిచి, గోంగూర పచ్చడి జాడీ కట్టుకుని బొంబాయి రైలెక్కింది.

ఓడలో మొదటి వారం కడుపులో ఉన్నదంతా సముద్రానికే ఇచ్చుకుంది. ఆ తరవాత కాళ్ళు నిలదొక్కుకుంది. ఓడ ఆగిన రేవుకు దగ్గర్లోనే గ్దాన్స్క్ అనే పట్నం. సన్నగా, పొడుగ్గా, రంగురంగుల ఇళ్ళు ఒకదానికొకటి భుజాలు ఆనించుకుని నిలబడ్డాయి. బజారు నడిమధ్య ఫౌంటెను మీద త్రిశూలం పట్టుకుని, ఒంటి మీద నూలుపోగు లేకుండా ఒక కంచు విగ్రహం.

"ఎవరీయన?"

"సముద్రానికి దేవుడని వెనకటివాళ్ళ నమ్మకం," అంది హలీనా.

"దేవుడైతే మాత్రం, ఈ చలికి దుప్పటన్నా కప్పొద్దూ?"

హలీనా నవ్వి నవ్వి ఫౌంటెను గట్టు మీద కూర్చుండిపోయింది. జబ్బుపడ్డాక ఆమె అంతగా నవ్వటం శౌరమ్మ చూడలేదు. ఇక ఆ రోజు నుంచి శౌరమ్మ భయం వదిలేసింది. చూడటానికి వచ్చాను, కళ్ళారా చూస్తాను అనుకుంది. పిల్లాణ్ణి చీర చెంగుతో నడుముకు కట్టుకుని, పైన హలీనా ఇచ్చిన ఉన్ని కోటు వేసుకుని, దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తుంటే తానూ ఆగి వాళ్ళను చూసి, "జెన్ దోబ్రె" అని వాళ్ళ భాషలోనే పలకరించేది.

వార్సా పట్నంలో పాత బజారుకు తీసుకుపోయింది హలీనా. నాలుగు వైపులా నాలుగంతస్తుల మేడలు. గోడల మీద బొమ్మలు, తలుపుల మీద నగిషీలు.

"ఇవి ఎన్నేళ్ళవి అనుకుంటన్నావు శౌరమ్మా?"

"మా తాతల తాతలనాటివి అయ్యుంటయ్యి."

"నాకంటే చిన్నవి," అంది హలీనా. యుద్ధంలో శత్రువులు ఈ ఊరిని ఇల్లిల్లూ వెతికి మరీ పేల్చేశారు. మొండి గోడలు, ఇటికల గుట్టలు తప్ప ఏమీ మిగల్లేదు. యుద్ధం అయిపోయాక జనం తిరిగొచ్చి, ఆ గుట్టల్లోంచే పనికొచ్చే ఇటికలు ఏరుకుని, పాత బొమ్మలు చూసుకుని, ఏ ఇల్లు ఎట్లా ఉండేదో అట్లాగే మళ్ళీ నిలబెట్టారు. చిన్నతనంలో హలీనా కూడా తన ఊరి బడిపిల్లలతో వచ్చి ఇటికలు అందించింది.

శౌరమ్మ చాలాసేపు ఆ గోడల వంక చూసింది. రాళ్ళు మోసిన మనిషి. ఇటిక బరువు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

"కూల్చినోళ్ళు ఏమయ్యారు?"

"పోయారు."

"మీరు ఉన్నారు గదా!" అంది శౌరమ్మ. పందెం గెలిచొచ్చిన ఎద్దు వీపు చరిచినట్టు ఆ గోడను అరచేత్తో రెండు సార్లు చరిచింది. హలీనా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వూ వచ్చింది.

తరవాత చెన్‌స్తొహోవా. గుట్ట మీద కోటలాంటి మఠం. అందులో మరియమాత పటం. ఆ తల్లిని చూడటానికి దేశం నలుమూలల నుంచి జనం వచ్చి, పటం దాకా మోకాళ్ళ మీద నడుస్తారు. శౌరమ్మ కూడా మోకాళ్ళ మీదే ముందుకు పోయింది. తలెత్తి చూస్తే పటంలో తల్లి మొహం నల్లగా ఉంది. పొగచూరిన నలుపు కాదు, పొలంలో తిరిగిన నలుపు. చెంప మీద గాటు. బిడ్డను ఎత్తుకుని నిబ్బరంగా చూస్తోంది.

"ఏందమ్మా, మా రెంటచింతల ఎండలో తిరిగొచ్చినట్టున్నావు!" అంది శౌరమ్మ పైకే.

పక్కన మోకరించిన ముసలామె ఒకతె పటం వంక చూసి, శౌరమ్మ వంక చూసి, ఆమె చంకలోని పిల్లాడి వంక చూసి, చెయ్యి చాపి శౌరమ్మ చెంప నిమిరింది. ఆ వేళ్ళను తన పెదాలకు ఆనించుకుంది. చిన్నప్పటి నుంచి "నల్లదానా" అని పిలిపించుకున్న మొహం అది. శౌరమ్మ ఏడవలేదు. బయటికి వచ్చేటప్పుడు మాత్రం, గుమ్మం తగులుతుందేమో అన్నంత నిటారుగా నడిచింది.

హలీనా పుట్టిల్లు క్రాకో. ఆమె తల్లిని అంతా "బాబ్చా" అనేవాళ్ళు, అంటే అమ్మమ్మ. బాబ్చాకు తెలుగు రాదు, శౌరమ్మకు వచ్చిన పోలండు మాటలు రొట్టెకూ పాలకూ సరిపోతాయి. అయినా ఇద్దరూ వంటింట్లో కూర్చుని, ఎవరి భాషలో వాళ్ళు అల్లుళ్ళ గురించీ కీళ్ళనొప్పుల గురించీ చెప్పుకునేవాళ్ళు. ఆ ఊళ్ళో పెద్ద గుడి గోపురం పైనించి గంట గంటకూ ఒకాయన బూర ఊదుతాడు. పాట సగంలో టక్కున ఆగిపోతుంది. ఒకప్పుడు శత్రువులొస్తుంటే ఊరిని లేపడానికి బూర ఊదినవాడి గొంతులో బాణం దిగిందట. వాడి పాట ఎక్కడ ఆగిందో ఇప్పటికీ అక్కడే ఆపుతారని హలీనా చెప్పింది. కారంపూడిలో వీరుల ఆయుధాలైన కొణతాలకు ఏటేటా మొక్కే నేల నుంచి వచ్చిన శౌరమ్మకు అది వింతగా తోచలేదు. "అవును మరి, మర్చిపోతే ఎట్టా," అంది.

రాజుల కోటలో గుర్రమంత గంట చూసింది. దాని నాలుకను ఎడమచేత్తో ముట్టుకుంటే కోరిక తీరుతుందన్నారు. "ఎడం చెయ్యా! ఛీ, తప్పు," అని కుడిచెయ్యే ఆనించింది. ఏం కోరుకున్నావంటే, "యానెక్‌గాడికి పళ్ళు తొరగా రావాలని" అంది.

ఇన్ని చూసినా శౌరమ్మ జీవితాన్ని మలుపు తిప్పింది వేరే ఉంది. క్రాకోకు కూతవేటు దూరంలో వియెలిచ్కా అనే ఊరు. అక్కడ ఉప్పు గని ఉంది. సముద్రపు ఉప్పు కాదు, భూమి లోపల రాయిలా గడ్డకట్టిన ఉప్పు. కొన్ని వందల ఏళ్ళుగా తవ్వుతున్నారు. చంటిపిల్లాడితో లోపలికి కుదరదని హలీనా ఉండిపోయి, బాబ్చాను తోడిచ్చి పంపింది. గని అంటే ఏమిటో శౌరమ్మకు తెలుసు. ఒకసారి అంతోని పనిచేసే గనిలో అంచు విరిగిపడి ఇద్దరు పోయారు. ఆ రోజు మొగుడు బతికి బయటికొచ్చేదాకా గట్టు మీద నిలబడ్డ మనిషి ఆమె. చెక్కమెట్ల దగ్గర ఆగిపోయింది. బాబ్చా వెనక్కి తిరిగి, ముడతల చెయ్యి చాపింది. డెబ్భై దాటిన ముసలామె దిగుతుంటే తాను నిలబడిపోవటమేమిటని, శౌరమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

దిగారు, దిగారు. దిగే కొద్దీ చల్లబడింది. చివరికి ఒక గుమ్మం దాటేసరికి శౌరమ్మ కాళ్ళు ఆగిపోయాయి. ఎదురుగా గుడి. భూమి కడుపులో నిండు గుడి. పీఠం ఉప్పు. నేల ఉప్పు, పలకలు పరిచినట్టు చెక్కిన ఉప్పు. గోడల మీద ప్రభువు కడరా భోజనం, చెక్కింది ఉప్పులోనే. పైనించి వేలాడే దీపాల గుత్తులు, గాజులా మెరిసేవి, అవీ ఉప్పుపలుకులే. కట్టింది రాజులు కాదు, గనిలో పనిచేసే మనుషులే. పని దిగాక, ఏళ్ళ తరబడి.

శౌరమ్మ మోకరించింది. నోరు తనంతట తానే తెరుచుకుంది. రెంటచింతల గుడిలో ప్రతి శనివారం ఎత్తుకునే మాత స్తుతి, లాటినులో, గొంతెత్తి మొదలుపెట్టింది. మొదటి పిలుపు గోడల్ని తాకి తిరిగొచ్చింది. ఆ వెంటనే బాబ్చా జవాబు పలికింది, అదే లాటినులో. రెండో పిలుపుకు చుట్టూ ఉన్న ఇరవై ముప్పై మందీ అందుకున్నారు. మూడో పిలుపుకు గని పనివాళ్ళు టోపీలు తీసి నిలబడ్డారు. ఆమె పిలుస్తుంది, వాళ్ళు బదులిస్తారు. పల్నాటి పేట గొంతు ముందు, పోలండు గొంతులన్నీ వెనక. ఒక్క మాట తప్పిపోకుండా చివరిదాకా నడిపింది. అయిపోయేసరికి, తాను ఎంత లోతున ఉందో శౌరమ్మకు గుర్తే లేదు.

మీసాలు నెరిసిన గనివాడొకడు దగ్గరికి వచ్చి, వంగి, ఆమె చేతిలో ఒక బొమ్మ పెట్టాడు. జానెడు మరియమాత. బూడిదరంగు. ఉప్పుతో అతను చెక్కిందే.

శీతాకాలం ముదిరే ముందే అంతా తిరిగొచ్చారు. మనుషులు ముందు చేరారు. ఉప్పు బొమ్మ ఉన్న పెట్టెతో సహా పెద్దపెట్టెలు బొంబాయి రేవులో దింపి, గూడ్సులో వేశారు, ఎప్పుడొస్తాయో తెలియదు. ఇచ్చిన మాట ప్రకారం శౌరమ్మ అంతోనికి అన్నీ చెప్పింది. అంతోనితో పాటు పేటంతా చేరి విన్నది. గుడ్డలేని సముద్రపు దేవుడికి పడీ పడీ నవ్వారు. నల్లమాతకు దండం పెట్టుకున్నారు. ఉప్పు గుడి దగ్గరికి వచ్చేసరికి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"ఉప్పుతో గుడేందే? వానొస్తే?"

"భూమి లోపల గదా, వాన యాడిది?"

"భూమి లోపల గుడేందే?"

ఆ మాట బజారుకెక్కింది. శౌరమ్మ నీళ్ళకు పోతుంటే, "ఉప్పు గుడి వస్తంది, తడవనియ్యకండిరా, కరిగిపోయిద్ది," అని వెనకనించి అరిచేవాళ్ళు. అందరికంటే గట్టిగా నవ్వింది ఉప్పుకొట్టు కరీముల్లా. తండ్రి నాటి నుంచి వాళ్ళది ఉప్పు వ్యాపారమే. "నాకంటే ఉప్పు తెలిసినోడు పల్నాడులో ఉన్నాడా? సైంధవం తెలుసు, మందులకి పిడికెడు ముక్కలొస్తయ్యి. గుడి కట్టే ఉప్పు మాత్రం మా అక్క నోట్లోనే పుట్టింది," అనేవాడు కొట్టుకొచ్చినవాళ్ళతో.

శౌరమ్మ బిందె సర్దుకుని తన దారిన పోయేది. అంతోని మాత్రం ఊరుకోలేకపోయాడు. "నేను నమ్మా గదే," అన్నాడు.

"నువ్వు నమ్మావు, చాలు. పెట్టె రానీ," అంది.

పెట్టె వచ్చింది. మాచర్ల స్టేషనులో దింపుకుని, చీరల మడతల్లోంచి బొమ్మ తీసి చూసుకుంది. చెక్కు చెదరలేదు. మర్నాడు సంత. శౌరమ్మ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, బొమ్మను తువ్వాల్లో చుట్టుకుని నేరుగా కరీముల్లా కొట్టుకు పోయింది. వెనక అంతోని, వాళ్ళ వెనక సగం పేట.

"కరీముల్లా, ఇదేందో చెప్పు."

అతను బొమ్మను అటూ ఇటూ తిప్పాడు. "రాయి. మంచి పనితనం. మీ మరియమ్మ గదా అక్కా?"

"నాకి చూడు."

కరీముల్లా ఉలిక్కిపడ్డాడు. "అరే, మీ తల్లిని నేను నాకటమేంది! తప్పు గాదూ?"

"తల్లిని నాకమని ఎవరన్నారు? తిరగేసి, కాళ్ళ కింద పీట నాకు."

జనం చుట్టూ గుమిగూడారు. కరీముల్లా బొమ్మను భక్తిగా రెండు చేతులతో తిరగేసి, నాలుక కొన ఆనించాడు. మొహం మారిపోయింది. మళ్ళీ ఆనించాడు. కళ్ళు మూసుకుని చప్పరించాడు. వెనకవాళ్ళు మునివేళ్ళ మీద లేచి చూశారు.

"ఉప్పు!" అన్నాడు. తూకం రాయి పక్కకు నెట్టి, అరుగెక్కి అరిచాడు. "ఒరేయ్, వినండి! ఇది ఉప్పు! సముద్రపు చేదు లేదు, ఇసక లేదు, తేట ఉప్పు! ఇంత బొమ్మ చెక్కినోళ్ళు గుడి చెక్కలేరా? అక్క చెప్పింది నిజం. నవ్వింది నేను, నాదే తప్పు."

తరవాత దిగి వచ్చి, ఉప్పు బస్తా ఒకటి లాగి, దాని మీద కొత్త గోనె పరిచాడు. "కూర్చో అక్కా. ఓడెక్కిన కాడినించి చెప్పు. సగం సగం చెప్పావంటే ఊరుకోం."

శౌరమ్మ కూర్చుంది. బేరాలు ఆగిపోయాయి. గాజులవాళ్ళు గాజులు, కుండలవాళ్ళు కుండలు వదిలేసి వచ్చారు. ఆమె కూలిన వార్సాను మళ్ళీ లేపింది. గోపురం మీద బూర ఊదింది, సగంలో ఆపింది. ఉప్పు గుడిలోకి మెట్టు మెట్టూ దింపింది. అక్కడ తాను ఎట్లా పిలిచిందో, వాళ్ళు ఎట్లా బదులిచ్చారో గొంతెత్తి చేసి చూపించేసరికి, సంతలో ఉన్న పేటవాళ్ళంతా తెలియకుండానే బదులందుకున్నారు. అంతోని తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, పక్కవాడితో, "మా ఆడది," అన్నాడు. ఆ పక్కవాడికి ఆ సంగతి ముందే తెలుసు.

తరవాత వచ్చిన మాత తిరునాళ్ళకు గుడి మెట్ల మీద నిలబడి చెప్పమని ఊరి పెద్దలే పిలిచారు. పేట ఆడది ఆ మెట్ల మీద నిలబడి మాట్లాడటం, ఆసాములు కింద కూర్చుని వినటం రెంటచింతలలో అదే మొదలు. తిరునాళ్ళకొచ్చిన బంధువుల నోట ఆ కబురు నకరికల్లు చేరింది, నాదెండ్ల చేరింది. పెదకూరపాడు నుంచి బస్సు చార్జీ ఇచ్చి మరీ పిలుచుకుపోయారు. నాదెండ్లలో చెప్పినప్పుడు శౌరమ్మ కూతురు అత్తగారి పక్కన, అందరికంటే ముందు వరసలో కూర్చుంది.

మారెక్ పని పూర్తయ్యి, హలీనా కుటుంబం కన్నీళ్ళతో వెళ్ళిపోయాక శౌరమ్మ మళ్ళీ గనికి పోయి రాళ్ళు మోసింది. కానీ ఇప్పుడు మధ్యాహ్నం గంజి వేళ ఆమె చుట్టూ ఆడవాళ్ళు చేరేవాళ్ళు. ఒక రోజు ఒకతె నిట్టూర్చింది. "నీ జన్మే జన్మ పిన్నీ. మాకు యాడ రాసిపెట్టుంది, ఊళ్ళు చూసే యోగం?"

"ఊళ్ళు చూడాలంటే ఓడే ఎక్కాలా ఏందే?" అంది శౌరమ్మ. "పక్కనే నాగార్జునకొండ ఉంది. డ్యాము నీళ్ళొస్తయ్యని వేల ఏళ్ళనాటి రాళ్ళు ఒక్కొక్కటీ విప్పి, కొండ మీదికి మోసి, మళ్ళా నిలబెట్టారంట. మోసింది ఎవరు? మనలాంటోళ్ళే. మనం చూడకపోతే ఇంకెవరు చూడాలే?"

1967లో, కోతలు అయిపోయాక, కరీముల్లా మాట్లాడిపెట్టిన లారీలో పేట ఆడవాళ్ళంతా బయలుదేరారు. గని ముఖం తప్ప వేరే చోటు ఎరగనివాళ్ళు మాచర్ల దాటగానే పాటలందుకున్నారు. లాంచీలో చెంగులు ఎగురుతుంటే ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని కేకలు పెట్టారు. లాంచీ దిగి కొండెక్కగానే ఒకాయన ఎదురొచ్చి, చుట్టూ తిప్పి అన్నీ చెబుతానని, గైడు కావాలా అని అడిగాడు.

ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. "మాకెందుకయ్యా? మాకు శౌరమ్మ ఉంది!"

శౌరమ్మ అప్పటికే చెంగు నడుముకు దోపుకుని, మొదటి స్తంభం మీద చెయ్యి వేసి నిలబడింది. "దగ్గరికి రండే," అంది. "వెనకోళ్ళకి కూడా వినపడాల."